గడువు దాటిన మర్నాడు

‘పది రోజుల్లో అవతలి పార్టీకి ఖర్చులు చెల్లించాలి, లేనిపక్షంలో పిటిషన్ డిస్మిస్ అయినట్టే.’ ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దు చెయ్యమని వేసే పిటిషన్ల మీద ఇలాంటి ఆర్డర్లు తరచూ వస్తాయి. పదకొండో రోజున జడ్జిగారు మళ్లీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆర్డరు తనంతట తానే అమలైపోతుంది.

ఇలాంటి ఆర్డర్లు ఉండాలనే అంటాను. వాయిదాలు అడిగేవారికి ఎదురుగా ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగే మనిషి ఒకరుంటారు. కానీ గడువు తప్పితే పొలం పోయేది ఆ ఆర్డరు ఎన్నడూ చదవని కక్షిదారుది. అందుకే ఆర్డరు వచ్చిన సాయంత్రమే కక్షిదారుకు ఫోన్ చేసి తేదీ చెప్పమని జూనియర్లను పోరుతుంటాను. అవతలి అడ్వకేటు డబ్బు తీసుకోనంటే వాదన పెట్టుకోకుండా మెమో వేసి కోర్టులో జమ చేసెయ్యాలి. జడ్జిలకూ ఒక విన్నపం: ‘రెండు వారాల్లో’ అనకుండా తేదీ వెయ్యండి. ఆర్డరు చెప్పిన రోజు నుంచా, కాపీ అందిన రోజు నుంచా అన్న పేచీ ఉండదు.

ఇక గడువు దాటితే అంతా అయిపోయినట్టేనా? మహంత్ రామ్‌దాస్ కేసులో పాట్నా హైకోర్టు, లోటు కోర్టు ఫీజు గడువులోగా కట్టకపోతే అప్పీలు కొట్టివేసినట్టే అంది. ఆయన గడువు లోపలే ఇంకొంత టైము అడిగారు. ఆ దరఖాస్తు విచారణకొచ్చేసరికి గడువు ముగిసింది. ఇక తమకు అధికారం లేదంది హైకోర్టు. 1961లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. జస్టిస్ హిదయతుల్లా రాసిన ఆ తీర్పు ప్రకారం ఇలాంటి ఆర్డర్లు జాప్యం చేసేవారిని దారికి తేవడానికి పెట్టే భయమే తప్ప, న్యాయమైన కారణం కనిపించినా కోర్టు చేతులు కట్టేసేవి కావు.

ఈ తీర్పును చాలామంది వాడుతుంటారు. రామ్‌దాస్ గడువు లోపలే అడిగారన్న సంగతి మాత్రం వాదనలో జారిపోతుంది.

గడువు ముగిశాక కూడా పొడిగించే అధికారం సి.పి.సి. 148వ సెక్షన్‌లో ఉంది. 2002 జూలై 1న అమల్లోకి వచ్చిన సవరణ దాన్ని మొత్తం 30 రోజులకు కుదించింది. పార్టీ చేతిలో లేని కారణముంటే ఆ 30 రోజుల తర్వాతా పొడిగించవచ్చని 2005లో సేలం బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ వెసులుబాటు నిజంగా ఆపదలో పడ్డవారికి దక్కాలి. అఫిడవిట్‌లో ‘అనివార్య కారణాల వల్ల’ అని రాసి ఊరుకుంటే జడ్జిగారు దేన్ని చూసి కనికరించాలి? ఏ రోజు ఏం జరిగిందో రాయాలి, ఆసుపత్రి కాగితముంటే జత చెయ్యాలి, కట్టాల్సిన డబ్బు సిద్ధంగా ఉందనీ అందులోనే చెప్పాలి.