కులం అడిగారు, హెచ్‌బీఏ2 అడగలేదు

పిల్లల కోసం దాత అండం తీసుకోవాలనుకునే దంపతులు మా బద్వేలు నుంచి కడపకో, నెల్లూరుకో, తిరుపతికో పోతారు. ఊళ్లో ఎవరికీ చెప్పరు. బస్టాండులో ఎవరైనా పలకరిస్తే దర్శనానికి అంటారు. డాక్టరమ్మ ఎదుట కూర్చున్నాక మాత్రం ముందు నోరు విప్పేది అత్తగారే: "మన కులం పిల్లే కావల్ల మేడం. రోంత తెల్లగా ఉంటే మేలు."

రంగు సంగతి వదిలేద్దాం. కులం పట్టింపుతోనే అసలు చిక్కు. తరతరాలుగా లోపల్లోపలే పెళ్లిళ్లు జరిగిన గుంపులో ఒకే జన్యులోపం చాలామందిలో దాగి ఉంటుంది. మన వైశ్యుల్లో కొందరికి మత్తు డాక్టర్లు వాడే సక్సినైల్‌కోలిన్ ఒంట్లో త్వరగా కరగదు; నిమిషాల్లో తేరుకోవాల్సిన కండరాలకు గంటలు పడుతుంది. సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2017లో ఈ ఉదాహరణే చూపి, దక్షిణాసియాలో ఇలాంటి గుంపులు ఎన్నో ఉన్నాయన్నారు. వైశ్యులను వేలెత్తి చూపాల్సిన పనేం లేదు, మనందరిదీ అదే బాపతు. గోత్రం వేరైతే చాలనుకుంటాం. గోత్రం తండ్రి వైపే చూస్తుంది; మేనమామ గోత్రం వేరు, రక్తం ఒకటే.

ఇక దాత ఎంపిక సంగతికొస్తే, సంతాన సాఫల్య చికిత్సలపై వచ్చిన 2021 చట్టం ప్రకారం దాత వయసు 23 నుంచి 35 లోపు ఉండాలి. జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు, అవి ఒక్క జంటకే చెందాలి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు ఎలాగూ చేస్తారు. దాతల విషయంలో తలసేమియా అనే వంశపారంపర్య రక్తజబ్బు మాట ఐసీఎంఆర్ 2005లోనే ఎత్తింది.

తలసేమియా పరీక్షకు ఊదారంగు మూత ట్యూబులో రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం చాలు. హెచ్‌బీఏ2 అనే హిమోగ్లోబిన్ రకం మూడున్నర శాతం దాటితే క్యారియర్ (జన్యులోపం మోసే మనిషి) అని అనుమానిస్తారు. కిటుకల్లా ఇనుము దగ్గరే. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ కదా, ఇనుము బాగా తగ్గితే ఆ అంకె కూడా తగ్గి క్యారియర్ మామూలు మనిషిలా కనిపించవచ్చు. అందుకే తెలిసిన డాక్టరు ముందు ఇనుము లెక్క చూస్తారు.

దాత క్యారియర్ అయినంత మాత్రాన కొంప మునగదు. ఆమె ఆరోగ్యంగానే ఉంటుంది. అండం తీసుకునే జంటలో భర్త కూడా క్యారియర్ అయితేనే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగో వంతు గండం; జబ్బుతో పుట్టిన బిడ్డకు జీవితాంతం రక్తం ఎక్కించాలి. కాబట్టి దాతతో పాటు ఆ పెద్దమనిషి రక్తం కూడా చూడాలి. లోపం ఆడదాంట్లోనే ఉంటుందని నమ్మే మన ఇళ్లల్లో ఆయన చేయి చాపడమే కష్టం.

క్లినిక్కుల వాళ్లకు ఒక్క మనవి. పరీక్షలో ఏదైనా తేలితే, దాతను "నువ్వు సరిపోవమ్మా" అని ఊరికే పంపేయకండి. ఆమెకూ పిల్లలుంటారు, రేపు వాళ్లకూ మేనరికం సంబంధాలు వస్తాయి. రిపోర్టు ఆమె చేతికివ్వండి, అందులో ఏముందో తెలుగులో చెప్పి పంపండి.