కొత్త నగరంలో తొలి డ్యూటీ

మూడేళ్ల జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) గాని నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గాని పూర్తిచేసి, నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకొని, శ్రీకాకుళం నుంచో ఖమ్మం నుంచో హైదరాబాదుకు తొలి ఉద్యోగానికి చేరే స్టాఫ్ నర్సు అభ్యసించిన విద్య, ఆసుపత్రి వార్డులో అడుగుపెట్టిన తరువాతనే పనితనంగా రూపుదిద్దుకుంటుంది. హాస్టల్ గది, సిటీ బస్సు దారులు, మారుతుండే డ్యూటీ వేళలు కొద్ది రోజులలో అలవాటవుతాయి. చేతికి నేర్పు రావడానికే కాలం పడుతుంది.

సెలైన్ ఎక్కించడానికి నరంలో అమర్చే సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని కాన్యులా అంటారు. దాని గేజి సంఖ్య పెరిగినకొద్దీ గొట్టం సన్నబడుతుంది గనుక, ఆకుపచ్చ 18, గులాబి 20, నీలం 22 వీటిలో వృద్ధురాలి పెళుసు నరానికి ఏది తగునో నర్సు వేలికొనతో తడిమి నిర్ణయిస్తుంది. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెలైన్ సెట్‌తో 500 మిల్లీలీటర్లు నాలుగు గంటలలో ఎక్కాలంటే నిమిషానికి సుమారు 42 చుక్కలు పడాలని లెక్కగట్టి, గడియారం చూస్తూ చుక్కల వేగాన్ని మార్చే రోలర్‌ను సరిచేసే ఆ శ్రద్ధ ఎంతైనా గౌరవింపదగినది.

అంతకన్న కష్టమైనది హ్యాండోవరు, అనగా డ్యూటీ దిగే నర్సు ఒక్కొక్క మంచం దగ్గర నిలిచి రోగి స్థితిని, ఇచ్చిన మందులను, రావలసిన రిపోర్టులను తరువాతి వారికి అప్పగించే పద్ధతి. ఉర్దూ కలిసిన హిందీలో, తెలంగాణ పల్లెల యాసలో రోగులు చెప్పుకొనే బాధను కోస్తా నుంచి వచ్చిన యువతి క్రమంగా పట్టుకొని, రాత్రి డ్యూటీ చివర అలసిన వేళలోనూ ఒక్క మోతాదూ తప్పిపోకుండా చార్టులో రాసి అప్పగించగలగడం వైద్యుని నిర్ణయమంత విలువైన పని.