రింగెట్: మంచుపై వలయక్రీడ

మన బాలికల ఉన్నత పాఠశాలలలో వలకు ఇరువైపుల నిలిచి రబ్బరు వలయమును విసరుచు పట్టుచు ఆడు టెన్నికాయిట్ ఆటను ఎరుగని తెలుగువారు అరుదు. ఇంచుమించు అట్టి వలయమునే, కాళ్లకు స్కేట్లు కట్టుకొని, కర్రతో మంచుపై నడుపుచు, ప్రత్యర్థి గోలులోనికి కొట్టు క్రీడ కెనడా దేశమున స్త్రీలకు ప్రియమైనది. దానికి రింగెట్ అని పేరు. 1963లో అంటారియో రాష్ట్రమందలి నార్త్ బే పట్టణమున పురజనుల వినోద క్రీడా కార్యక్రమములకు అధికారిగానున్న శామ్ జాక్స్, శీతకాలమందు మంచు మైదానములన్నియు మగపిల్లల హాకీకే చెల్లిపోవుచుండగా బాలికలు గట్టున నిలిచి చూచుటయే తమ వంతుగా నుండుట గమనించి, వారికై ఈ ఆటను కల్పించెను. అదే రాష్ట్రమందలి ఎస్పానోలా పట్టణవాసి రెడ్ మెకార్తీ దానికి తొలి నిబంధనలను కూర్చెను; అచటి బాలికలే తొలి ఆటను ఆడిరి.

తొలిసారి చూచువారు దీనిని పలుచబడిన ఐస్ హాకీ యని చప్పరించి విడుచుట కలదు. ఆ తీర్పు తొందరపాటుది. హాకీ కర్రకు అడుగున వంగిన పలక యుండును. రింగెట్ కర్ర తిన్ననిది, దాని కొన వలయమధ్యమున నున్న రంధ్రములో దిగును. దిగిన కొనతో వలయమును మంచుకు అదిమి పట్టి క్రీడాకారిణి ఎంత వేగముగ దూసికొనిపోయినను, ఎంత వంకరగ తిరిగినను, అది ఆమెను విడువదు. కావున దానిని లాగికొనగోరు ప్రత్యర్థిని, తన కర్రను ఆమె కర్ర క్రిందికి చొప్పించి పైకెత్తి, కొనను రంధ్రమునుండి ఊడదీయవలెను. దేహముతో ఢీకొట్టుట నిషిద్ధమగుటచే బలము కంటె మణికట్టు నేర్పునకును, క్షణమును కనిపెట్టు చూపునకును ఇచట విలువ హెచ్చు. సహచరి పంపిన వలయము మంచుపై జారివచ్చుచుండగా, వేగమును తగ్గింపకయే దాని రంధ్రములో కొనను సూటిగా దింపుట ఈ విద్యకు ఓనమాల వంటిది. 

అయితే ఈ క్రీడకు ప్రాణము కర్రలో లేదు. మంచుపై గీసిన రెండు నీలిగీతలలో కలదు. మైదానమును మూడు భాగములుగ విభజించు ఆ గీతలలో దేనినైనను వలయముతో ఏ క్రీడాకారిణియు తానుగా దాటరాదు. గీత వద్దకు వచ్చినంతనే వలయమును గీత కావలికి పంపవలెను. దానిని వేరొక సహచరి అందుకొనవలెను. అట్లని ఒకే పంపుతో రెండు గీతలను దాటించుటయు చెల్లదు. ఎంతటి మేటి క్రీడాకారిణియైనను తన గోలు వద్దనుండి ఎదిరి గోలు వరకు ఒంటరిగ పోయి జయధ్వానము లందుకొనుటకు ఈ నిబంధన వీలు చిక్కనీయదు. ఇతర క్రీడలలో పరస్పర సహకారము శిక్షకుడు బోధించు సుగుణము. ఇచట అది చట్టము. ప్రజ్ఞావంతురాలు ప్రజ్ఞను పంచుకొననిదే ఆట ముందునకు సాగదు. ఈ క్రీడ విశిష్టత అంతయు ఈ గీతలలోనే యున్నదని నా అభిప్రాయము.

జట్టున గోలు కాచు ఆమెతో కలిపి ఆరుగురు. గోలు సమీప ప్రాంతమునకు ముందు మరియొక గీత కలదు. దాని లోపలికి ఒక్కొక్క జట్టునుండి, గోలు కాచు ఆమె గాక, ముగ్గురే పోవలెను. అందుచే అచట గుంపులుగ క్రిక్కిరియుట యుండదు. ముగ్గురు దాడి చేయువారికి ఎదురుగ ముగ్గురు రక్షకురాండ్రు త్రికోణముగ నిలిచి, వలయము ఎటు పోయిన అటు ఆ త్రికోణమును తిప్పుచు, మధ్యదారిని మూసివేయుదురు. దాడిచేయువారు దాని ఒక కోణమును ప్రలోభపెట్టి బయటికి లాగి, ఆ తెరపిలో వలయమును చొప్పింప జూతురు. ఇదంతయు 30 సెకండ్లలో ముగియవలెను. ఆలోగా గోలుపై కొట్టనిచో వలయము ఎదుటి జట్టునకు పోవును. గోలు ముందరి అర్ధచంద్రాకార స్థలములో గోలు కాచు ఆమెకు తప్ప ఎవరికిని ప్రవేశము లేదు. ఆమెయు వలయము చేజిక్కిన 5 సెకండ్లలో దానిని విడువవలెను. జాగుచేయుటకు ఈ ఆటలో ఎచటను చోటు లేదు.

ఈ విద్య యంతయు పరిపక్వమగు చోటు కెనడా జాతీయ రింగెట్ లీగు. 2004లో ఆరంభమైన ఈ లీగున కేంబ్రిడ్జ్ టర్బోస్, మాంట్రియల్ మిషన్, అట్లాంటిక్ అటాక్, క్యాల్గరీ రాథ్ మొదలగు పేర్లుగల జట్లు తూర్పు, పడమర విభాగములుగ ఏర్పడి, శరత్తున మొదలిడి శీతకాలమంతయు పోరాడును. ఆ దేశపు దూరములు మనకు ఊహకందవు: అట్లాంటిక్ తీరపు జట్టు పసిఫిక్ తీరపు జట్టుతో ఆడుటకు ఖండమును దాటవలెను. క్రీడాకారిణులకు వేతనములు లేవు. వారిలో విద్యార్థినులు, ఉద్యోగినులు, తల్లులు కలరు. శని ఆదివారములు ఆడి, సోమవారము తరగతికో పనికో పోవువారే హెచ్చు. ఋతువు చివర, ఏప్రిల్ మాసమున, దేశమందలి మేటి జట్లన్నియు ఒకచోట చేరి, వారము దినముల లోపల ఒకదాని వెనుక ఒకటిగ పెక్కు ఆటలు ఆడి విజేతను తేల్చుకొనును. నెలల తరబడి గెలిచిన జట్టు ఆ ఒక్క వారమున అలసి ఓడుటయు కలదు. ఇది న్యాయమా యని అడుగవచ్చును. కాని వరుస దినముల అలసటలోనే జట్టున పరస్పర విశ్వాసము ఎంతటిదో బయటపడును గదా.

విజేతల కిచ్చు పాత్రకు కెనడా గవర్నర్ జనరల్ పదవి నలంకరించిన తొలి మహిళ జాన్ సోవే పేరు పెట్టబడినది. 1984లో ఆమె ఆ పదవికి వచ్చిన పిదప ఏర్పడిన ఆ పాత్ర 2008 నుండి ఈ లీగు విజేతలకు చెందుచున్నది. కోవిడ్ కారణమున 2020లో జాతీయ పోటీలు జరుగలేదు. మరుసటి శీతకాలపు లీగు ఋతువు కూడ రద్దయ్యెను.

కెనడాలో పుట్టిన ఈ క్రీడలో కెనడాకే గురువైన దేశము ఫిన్లండు. 1979లో యుహానీ వాల్‌స్టెన్ అను హాకీ క్రీడాకారుడు దీనిని టుర్కు నగరమున ప్రవేశపెట్టెను. 1990లో ప్రపంచ పోటీలు ఆరంభమైనపుడు కెనడావారిదే పైచేయి. కాని 2004 నుండి 2019 వరకు జరిగిన ప్రతి ప్రపంచ పోటీలోను ప్రధాన విభాగపు కిరీటము ఫిన్లండుకే దక్కినది. ఆ దేశమున మేటి స్త్రీల జాతీయ లీగు శ్రద్ధగ నడచుటయే దీనికి ముఖ్యకారణమని తోచును.

ఒలింపిక్ క్రీడలలో రింగెట్‌కు నేటికిని స్థానము లేదు. ఆడు దేశములు చాల కొలదియగుటయే దానికి హేతువు గాని ఆటయందలి కొరత గాదు. కెనడాలో స్థిరపడి, ఆడపిల్లలకు స్కేటింగు నేర్పించుచున్న తెలుగు కుటుంబములు నేడు ఎన్నో కలవు. వారు ఏదో ఒక ఆదివారము పిల్లలను వెంటబెట్టుకొని తమ నగరపు జట్టు ఆటకు పోయి చూతురు గాక. అట్లు పోయిన నాడు గోలు వైపు గాక, మొదటి పది నిమిషములు నీలిగీతను కనిపెట్టి చూడుడు.