జడ వేరు, జడలు వేరు

మన భాషలో జడ వేస్తే ముద్దు, జడలు కడితే రోత. చిన్నప్పుడు తల దువ్వుకోకుండా బడికి బయల్దేరితే అమ్మ గుమ్మంలోనే ఆపేది: "జుట్టు జడలు కట్టిపోద్దిరా!" నలభై దాటాక, డబ్బిచ్చి మరీ ఆ పనే చేయించుకోబోతున్నాను. నెలకు అరంగుళం చొప్పున పద్నాలుగు నెలలు పెంచితే ఏడంగుళాలు తేలింది. ఆ మాత్రం చాలట.

డ్రెడ్‌లాక్స్ అంటే తల కడుక్కోనివాళ్ల వేషమని నేనూ అనుకున్నాను. కట్టే కుర్రాడి షరతులు వింటే, ఇంత శుభ్రంగా నేనెప్పుడూ లేనని తెలిసింది. "నూనె బంద్ అన్నా, కండిషనర్ కూడా." వెంట్రుక నున్నగా ఉంటే ముడి జారిపోతుంది. చుండ్రు ముందే తగ్గించుకోవాలి. తలంటుకున్న ప్రతిసారీ కుదుళ్ల దాకా ఆరాలి. పాయలు బిగిశాక తడి లోపల నిలిస్తే ముక్కిన వాసనే.

ఆఫ్రికా సంతతివారి ఉంగరాల జుట్టు దువ్వకుండా వదిలితే తనంతట తానే పాయలు కడుతుంది. నాలాంటి సాఫు జుట్టు వదిలేస్తే చిక్కుపడుతుందే గానీ, అంత తేలిగ్గా వరసగా పాయలు కట్టదు. తలంతా అంగుళం గళ్లుగా విడదీసి, ఒక్కో పాయనూ కుదుళ్లవైపు ఎదురు దువ్వి, ఆ చిక్కును కొక్కెం సూదితో లోపలికి లాగాలి. ఏడెనిమిది గంటల పని.

నాకిది సరదా. జమైకాలోని రాస్తాఫారీ మతస్థులకు దీక్ష. 1963 ఏప్రిల్‌లో కోరల్ గార్డెన్స్ అనేచోట జరిగిన గొడవల తర్వాత అక్కడి పోలీసులు రాస్తాలను పట్టుకుని కొట్టారు, జడలు కత్తిరించారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పేసరికి 2017 వచ్చింది. రాస్తా గాయకుడు బాబ్ మార్లే పాటలు ఇన్నేళ్లుగా వింటున్నా, ఈ సంగతి నాకు తెలిసింది ఈ నెలలోనే. సిగ్గేసింది.

కుదుళ్ల దగ్గర ఊడొచ్చే వెంట్రుకలు సర్దుకోవడానికి ఓ సూది కొనుక్కోమంటే ఇంటికి తెచ్చాను. అమ్మది నరసాపురం, పెళ్లికి ముందు లేసు అల్లిన చెయ్యి. నేను నూనె మానినప్పటి నుంచి ముభావంగా ఉన్న మనిషి, ఆ సూదిని కిటికీ వెలుతురుకెత్తి, కొనను బొటనవేలి గోటితో తడిమింది.

"ఇది మా లేసు సూదే కదరా! మరీ సన్నం."

కాసేపాగి, "కొక్కెం తిప్పి నెమ్మదిగా లాగమను. లేకపోతే పోగు తెగిపోద్ది" అంది.

అంతకన్నా అనుమతి ఏం కావాలి? శనివారం పొద్దున తొమ్మిదింటికి కుర్చీలో కూర్చుంటున్నాను.

ఇలా కట్టించుకోవాలని ఉన్నవాళ్లకు నా మాట ఒకటే. ముందు నెల రోజులు నూనె చుక్క లేకుండా, తల ఆరేదాకా ఓపిగ్గా కూర్చుని చూడండి. అది చేతకాకపోతే దువ్వెనే మేలు.