విక్రమార్కుని నడక: చందమామ చిత్రకారుడు శంకర్

మన విమర్శకులు గ్రంథమును పరీక్షించునపుడు మూలమును చూతురు, వ్యాఖ్యను చూతురు. అందలి బొమ్మను మాత్రము చూడరు. బాలుర పుస్తకముల యెడ ఈ యుపేక్ష మరింత గాఢము. బొమ్మ యనగా అక్షరములు రాని పసివానిని ఊరడించు ఆటవస్తువని పండితుల తలంపు. ఇది యెంత పొరపాటో తెలియుటకు 'చందమామ' బేతాళకథలకు శంకర్ వ్రాసిన శీర్షచిత్ర మొక్కటి చాలును.

శంకర్ అను పేర ప్రసిద్ధుడైన కె. సి. శివశంకరన్ 1924లో తమిళదేశమున ఈరోడు ప్రాంతపు గ్రామమున జన్మించెను. మదరాసు ప్రభుత్వ చిత్రకళాపాఠశాలలో శిక్షణ పొంది, 'కలైమగళ్' పత్రికలో కొంతకాలము పనిచేసెను. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణులు ప్రారంభించిన 'చందమామ'లో 1950 తరువాతి తొలి వత్సరములలో చేరెను. అప్పటికే అచట 'చిత్రా' పని చేయుచుండెను. లోపలి పుటలను ఇరువురును చిరకాలము పంచుకొనిరి. చిత్రా 1978లో గతించెను. శంకర్ సుమారు అరువది వత్సరము లా పత్రికకే బొమ్మలు వ్రాసి 2020లో కాలధర్మము నొందెను. పద్మశ్రీ మరుసటి యేట వచ్చినది.

కథాచట్రము విజ్ఞులెరిగినదే. రాజు చెట్టునుండి శవమును దించి భుజమున వేసికొని మౌనముగా శ్మశానమువైపు నడచును. శవములోని బేతాళుడు కథ చెప్పి ప్రశ్నించును. రాజు బదులు పలుకగనే మౌనభంగమై బేతాళుడు మరల చెట్టెక్కును. ఇందు చిత్రకారుని ఊరించు ఘట్టములకు కొరత లేదు: వ్రేలాడు శవము కలదు, బేతాళుడు ఎగిరిపోవు వింత కలదు. శంకర్ వీనిని విడిచి, ఏమియు జరుగని నడకను పట్టుకొనెను. చేత దూసిన కత్తి, భుజముపై శవము. రాజు నడచుచున్నాడు, అంతే. కత్తి యెవరిపై? ఎదుట శత్రువు లేడు. ఉన్నవాడు భుజముమీదనే యున్నాడు. వానికి కత్తి పనికిరాదు. కథ చెప్పక విడిచిన దీనిని బొమ్మ చెప్పినది. మూలమందలి కథలు ముగిసిన పిమ్మట అదే చట్రమున వందలకొలది క్రొత్త కథలు వెలువడినను ఆ శీర్షచిత్రము చెల్లుటకు, అది యే యొక్క కథకును కట్టుబడకుండుటయే హేతువు.

మూలములో లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు మల్లినాథసూరి నియమము పెట్టుకొనెను. శంకర్ మూలములోని కత్తినే తీసికొని దాని వ్యర్థతను చూపెను. వ్యాఖ్యాత చేయునదియు ఇదియే గదా.

ఈ విద్య తెలుగునాట క్రొత్తది కాదు. 1953 వరకు నల్గొండ జిల్లాలో చేరియుండిన జనగామ తాలూకా నందలి చేర్యాలలో నకాషీలు ఎర్రని నేలపై వరుసలు తీర్చి కులపురాణముల పటములు వ్రాయుచు వచ్చిరి. కథకుడు పటమును విప్పి, బొమ్మను చూపుచు పాడును. చదువురానివాడును కథను కన్నులతో చదువును. చందమామలో ఆ కథకుడు లేడు. పెద్దలు చదివి వినిపించు వేళ తప్ప పసివాడు బొమ్మతో ఒంటరిగా నుండును. కావున ఇచట బొమ్మయే కథకుని పనియు చేయవలసి వచ్చెను. శంకర్ పాత్రలు చేతులతో, మెడ త్రిప్పుటతో ఇంతగా మాటాడుటకు ఇదియొక కారణము కావచ్చును.

లోపమును దాచ పనిలేదు. శంకర్ వ్రాసిన పల్లె ఏ సీమదో చెప్పలేము. నల్గొండ మెట్టనేలల రాతిగుట్ట, తాళ్ళతోపు, గొంగడి కప్పుకొనిన గొల్ల అందు వెదకినను కనబడుట అరుదు. రాజు లెచటివారైనను కిరీటములు, స్తంభములు ఒక్క తీరువే. ఇది చేతగానితనము కాదు. ఒకే బొమ్మ తెలుగు, తమిళము మొదలుకొని పెక్కు భాషల ప్రతులలో అచ్చుపడవలసి యుండెను. ఒక సీమ గుర్తు పడినచో తక్కినవారికి పరాయిదగును. చేర్యాల నకాషీకి ఈ చిక్కు లేదు. గౌడులకు వ్రాయునపుడు తాటిచెట్టును, పద్మశాలీలకు వ్రాయునపుడు భావనారుషి మగ్గమును, ఆ పటమును చూడబోవువారికి ఇంటిలో తెలిసిన తీరుననే వ్రాసెను.