ఇంటూ మార్కు పెట్టిన తాతలు

1952లో బ్రిటన్ గూఢచారి సంస్థ ఎంఐ5కి చూడటానికి చాలా తేలికైన పని ఒకటి తగిలింది. ఒక మనిషి ఎక్కడ పుట్టాడో కనుక్కోవాలి. అడిగింది అమెరికా ఎఫ్‌బీఐ. ఆ మనిషి ముక్కూ మొహం తెలియనివాడేమీ కాదు, చార్లీ చాప్లిన్. 1889 ఏప్రిల్ 16న లండన్‌లో పుట్టానని ఆయన చెప్పుకునేవాడు. గూఢచారులు జనన రిజిస్టర్లు తిరగేశారు. ఆ పేరు లేదు. అమెరికావాళ్లు పంపిన మారుపేరుతో వెతికారు. అదీ లేదు. ఫ్రాన్సులో పుట్టాడన్న పుకారును పట్టుకుని చూశారు. అక్కడా చుక్కెదురే. 2012లో ఆ ఫైళ్లు బయటికొచ్చినప్పుడు పత్రికలు తెగ ఆశ్చర్యపోయాయి. కూలీనాలీ కుటుంబాల పూర్వీకులను వెతికే అలవాటున్నవాళ్లకు మాత్రం అందులో వింతేమీ కనిపించదు. వాళ్లకిది రోజూ ఉండే బాధే.

విచిత్రమేమిటంటే, పుట్టుక కాగితం లేని చాప్లిన్ మిగతా కాగితాల్లో బాగానే దొరుకుతాడు. 1891 జనాభా లెక్కల్లో తల్లి హానా, అన్న సిడ్నీలతో లండన్ వాల్‌వర్త్‌లో పసివాడిగా ఉన్నాడు. 1896లో, ఏడేళ్ల వయసులో, లాంబెత్ వర్క్‌హౌస్‌లో చేరాడు. వర్క్‌హౌస్ అంటే గతిలేనివాళ్లకు ఇంత గంజి పోసి, అందుకు బదులు చాకిరీ చేయించుకునే సర్కారు కొట్టం. అక్కణ్నుంచి హాన్‌వెల్‌లోని పేదపిల్లల బడికి పంపారు. 1901 లెక్కల్లో పిల్లల నృత్య బృందం ఎయిట్ లాంకషైర్ లాడ్స్‌తో కలిసి కనిపిస్తాడు. పుట్టినప్పుడు పట్టించుకోని రాజ్యం, అన్నం పెట్టాల్సి వచ్చిన రోజున మాత్రం పేరు, వయసు, తేదీ శుభ్రంగా రాసుకుంది. పేదవాడు ఎవరికో ఖర్చయినప్పుడే కాగితమెక్కాడు. ఈ సంగతి ఎంత త్వరగా ఒంటబడితే వెతుకులాటలో అంత కాలం కలిసొస్తుంది.

ఇంగ్లండులో చర్చి రిజిస్టర్లు 1538లో మొదలయ్యాయి. ఎనిమిదో హెన్రీ దగ్గర మంత్రిగా ఉన్న థామస్ క్రామ్‌వెల్ ప్రతి పేరిష్‌లో, అంటే ఒక్కో చర్చి కిందికి వచ్చే పరిధిలో, బాప్తిస్మాలూ పెళ్లిళ్లూ ఖననాలూ రాసిపెట్టాలన్నాడు. ఇదేదో కొత్త పన్నుకు ఎత్తుగడేనని జనం గుసగుసలాడుకున్నారు. 245 ఏళ్లు ఆలస్యమైనా ఆ భయం నిజమైంది. 1783 నుంచి ఒక్కో నమోదుకు మూడు పెన్నీల సుంకం వేశారు. నిరుపేదలకు మినహాయింపు ఇచ్చారు. అందుకే ఆనాటి పేజీల్లో చాలా పేర్ల పక్కన ‘పి’ అనే అక్షరం ఉంటుంది. పాపర్ అనే మాటకు అది పొడి అక్షరం. మన ముత్తాత బిచ్చమెత్తాడా అని అది చూడగానే గుండె గుభేలుమంటుంది. కాస్త ఆగాలి. జాలిగల పాదిరి కలం కదిపితే మూడు పెన్నీలు మిగులుతాయని ఊరికి తెలుసు. తెల్లకార్డు సంపాదించే విద్య మనకొక్కరికే వచ్చనుకోనక్కర్లేదు. 1794లో సుంకం పోయింది, దాంతోపాటు ఆ ‘పి’లూ చాలావరకు మాయమయ్యాయి.

పెళ్లి పుస్తకం కథ వేరు. 1754 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి. వధూవరులు, సాక్షులు సంతకం చేయాలి, రాయడం రానివాళ్లు ఇంటూ మార్కు పెట్టాలి. 1841 నాటికీ ఇంగ్లండు, వేల్స్‌లలో పెళ్లికొడుకుల్లో మూడో వంతు, పెళ్లికూతుళ్లలో దాదాపు సగం మంది ఇంటూ మార్కు వాళ్లే. అంతమాత్రాన వాళ్లు చదవలేరని తీర్పు చెప్పకూడదు. ఆ కాలపు బడుల్లో ముందు చదవడం నేర్పేవారు, రాత తర్వాతి సంగతి. ఈలోపు పిల్లవాడిని పనిలో పెట్టేసేవారు. బైబిలు గడగడా చదివి, తన పేరు రాయలేనివాళ్లు బోలెడుమంది.

ఆ ఇంటూ మార్కుకు కింద ఉన్న సాక్షుల పేర్లే అసలు నిధి. అక్కచెల్లెళ్లు, పక్కింటివాళ్లు, తోటి పనివాళ్లు అక్కడే దొరుకుతారు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ముందు పేజీలు, వెనక పేజీలు తిప్పి చూడాలి. ఒకే పేరు ప్రతి పెళ్లికీ సాక్షిగా ఉందంటే ఆయన బంధువు కాదు, చర్చి గుమాస్తా. తెలియక ఆయన్ని మేనమామను చేసి వంశవృక్షంలో కూర్చోబెట్టడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు.

జనాభా లెక్కలు 1801లో మొదలైనా, దేశమంతటా మనుషుల పేర్లు దొరికేది 1841 నుంచి. అదీ పెన్సిల్ రాత. పదిహేను దాటినవాళ్ల వయసును కింది అయిదుకు తగ్గించి రాయమన్నారు. 24 ఏళ్లవాడు 20 అయ్యాడు, 59 ఏళ్లామె 55కి దిగింది. ఎక్కడ పుట్టావంటే ఇదే కౌంటీలోనా కాదా అన్నంతవరకే. ఎవరికి ఎవరేమవుతారో రాయలేదు. వ్యవసాయ కూలీ అని పూర్తిగా రాసే ఓపిక కూడా లేక ‘ఏజీ లాబ్’ అని కుదించమని సర్కారే చెప్పింది. లక్షలాది జీవితాలు ఆ రెండు ముక్కల్లో ఇమిడిపోయాయి. 1851లో కొంత నయం. బంధుత్వం, తగ్గించని వయసు, పుట్టిన పేరిష్ వచ్చి చేరాయి.

ఆడవాళ్ల పని గడి మాత్రం తర్వాత కూడా తరచూ ఖాళీయే. ఇంట్లో లేసు అల్లినా, నలుగురి బట్టలుతికినా, కోతల కాలంలో పొలానికి వెళ్లినా, ఇంటాయన చెప్పి, లెక్కలు రాయడానికి వచ్చిన ఎన్యూమరేటరు రాసుకుంటేనే లెక్క. ఇంగ్లండులో ఈ లోటును చరిత్రకారుడు ఎడ్వర్డ్ హిగ్స్ గట్టిగా ఎత్తిచూపాడు. ఖాళీ గడిని చూసి ముత్తవ్వ తీరిగ్గా కూర్చుందనుకుంటే ఆమెకు రెండోసారి అన్యాయం చేసినట్టే.

వయసుల సంగతి ఇంకా తమాషా. పదేళ్లలో ఏడేళ్లే పెరిగిన ఆడవాళ్లున్నారు. అదే ఐర్లండులో అయితే 1901కీ 1911కీ మధ్య పదేళ్లకు మించి ముసలివాళ్లయిపోయినవాళ్లు కోకొల్లలు. కారణం 1909 జనవరి 1న మొదలైన వృద్ధాప్య పింఛను. 70 ఏళ్లు నిండితే వారానికి అయిదు షిల్లింగులు. ఐర్లండులో అందరి జననాలూ నమోదు చేయడం 1864లో గానీ మొదలుకాలేదు. ముసలివాళ్ల దగ్గర రుజువేదీ? 1841, 1851 లెక్కల్లో తమ పేరు చిన్నపిల్లగా ఉందేమో చూసిపెట్టమని అర్జీలు పెట్టారు. గుమాస్తాలు వెతికి, దొరికిన కుటుంబాన్ని అర్జీ ఫారం మీదే ఎక్కించారు.

1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో, డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడింది. 1821 నుంచి 1851 దాకా ఉన్న లెక్కల్లో చాలా భాగం బూడిదైంది. 1861 నుంచి 1891 దాకా ఉన్నవాటిని అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేయించింది. మరి ఇవాళ 1841 నాటి ఐరిష్ రైతుకూలీ కుటుంబం ఎక్కడైనా మిగిలిందంటే, చాలావరకు అయిదు షిల్లింగుల కోసం ఓ ముసలవ్వ పెట్టుకున్న అర్జీ మీద మిగిలింది. రికార్డుల గది చేయలేని పని పింఛను కాగితం చేసిపెట్టింది.

ఇంగ్లండు పేరిష్ పెట్టెల్లోని పేదల కాగితాలను కూడా ఈ వరసలోనే చూడాలి. 1662 నాటి సెటిల్‌మెంట్ చట్టం ప్రకారం ప్రతి పేదకూ ఒక ‘సొంత’ పేరిష్ ఉండాలి. కష్టమొస్తే సాయం చేయాల్సింది ఆ పేరిష్షే. పరాయి ఊళ్లో పని పోయి చేయి చాపినవాడిని అధికారుల ముందు నిలబెట్టి ప్రశ్నలడిగేవారు. ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర పని నేర్చావు, ఏ ఆసామి దగ్గర ఏడాది నిండా పనిచేశావు, జీతమెంత, పెళ్లెప్పుడు, పిల్లలెందరు? ఏడాది పూర్తిచేస్తే పెళ్లికాని కూలీకి ఆ ఊరి హక్కు వస్తుంది కాబట్టి 51 వారాలకే మాట్లాడుకునే ఆసాములుండేవారు. ఆ జవాబులన్నీ గుమాస్తా రాసి, కింద ఇంటూ మార్కు పెట్టించుకునేవాడు. ఊరి నుంచి గెంటేయడానికి రాసిన కాగితమే ఇవాళ ఆ మనిషి ఆత్మకథ. అంత వివరంగా ఆ ఊరి జమీందారు కోచ్‌మన్ గురించి కూడా ఎవరూ రాయలేదు.

పెళ్లికాని తల్లుల విషయంలోనూ అంతే. చర్చి రిజిస్టరులో బిడ్డ పేరుంటుంది, తండ్రి గడి దగ్గర పాదిరి నోరు మెదపడు. కానీ బిడ్డ పోషణ ఊరి నెత్తిన పడకూడదు కదా! అందుకని పేదల పద్దు చూసే ఓవర్సీరు తల్లిని పిలిచి తండ్రి పేరు చెప్పించి, వాడి చేత బాండు రాయించుకునేవాడు. దేవుడి పుస్తకంలో లేని తండ్రి జమాఖర్చు పుస్తకంలో ఉంటాడు.

పేరు పట్టుకుని వెతకడం ఈ పనిలో అన్నింటికన్నా బలహీనమైన పద్ధతి. లండన్ కూలీ నోట ‘హ’ పలకదు. హారిస్ అనేవాడు ఆరిస్ అంటాడు, ఎన్యూమరేటరు విన్నది రాస్తాడు, నూరేళ్ల తర్వాత సూచిక తయారుచేసేవాడు ఇంకోలా చదువుతాడు. ఆ ప్రాంతపు యాసలో పేరును పైకి పలికి చూడాలి. అప్పటికీ దొరక్కపోతే పేరు వదిలేసి వీధి పట్టుకోవాలి. పక్కింటివాళ్లను, తోబుట్టువులను, బాడుగకున్నవాళ్లను వెతకాలి. వేల్స్‌లో జోన్స్, డేవిస్, విలియమ్స్ అనే పేర్లు వీధికి పదేసి. అక్కడ ఇల్లో, పొలమో, వృత్తో గుర్తుపట్టకపోతే అడుగు ముందుకు పడదు.

1911 లెక్కల్లో ఒక వింత జరిగింది. ఇంటివాళ్లు నింపిన ఫారాలనే దాచారు, అంటే ముత్తాత చేతిరాత కళ్లారా చూడొచ్చు. పెళ్లయి ఎన్నేళ్లు, ఎందరు పిల్లలు పుట్టారు, ఎందరున్నారు, ఎందరు పోయారు అని ఆ ఏడాది అడిగారు. ఈ ప్రశ్న భర్త ఉన్న ఆడవాళ్లకే ఉద్దేశించింది. కొందరు విధవరాళ్లు తెలియక వాళ్లూ నింపారు. గుమాస్తాలు ఆ అంకెల మీద గీత కొట్టారు. గీత కింద అంకె ఇప్పటికీ కనిపిస్తుంది. ఎవరూ అడగకుండానే ఒక తల్లి చెప్పుకున్న లెక్క అది.

ఆ తర్వాత 1921 లెక్కలు 2022 జనవరిలో తెరుచుకున్నాయి. 1931వి 1942 డిసెంబరులో హేస్ దగ్గర గోదాములో కాలిపోయాయి. 1941లో యుద్ధం, లెక్కలే లేవు. మధ్యలో 1939 సెప్టెంబరు 29న దేశంలోని మనుషుల పేర్లు రాసిన రిజిస్టరు ఒక్కటే ఆధారం. నూరేళ్ల గడువు ప్రకారం 1951 లెక్కల కోసం 2052 దాకా ఆగాలి.

తెలుగువాళ్లకు ఈ గొడవ దూరమేమీ కాదు. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1911 వరకు లక్షా యాభై రెండు వేల మందికి పైగా ఒప్పంద కూలీలు అక్కడి నటాల్ ప్రాంతానికి వెళ్లారు. విశాఖ, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు అందులో ఎందరో. ఓడ పట్టీలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీద మచ్చలు రాశారు. కూలీ పారిపోతే పట్టుకోవడానికి మచ్చ కావాలి. ఇంటిపేరుకు మాత్రం గడి లేదు. అక్కడి మునిమనవళ్లలో చాలామందికి ఒకప్పటి తాత పేరే ఇంటిపేరయింది. మరికొందరు నాయుడు ‘నాయిడూ’ అయ్యి మిగిలారు. ఊరి పేరును దొరల గుమాస్తా తనకు వినిపించినట్టు ఇంగ్లీషులో గిలికాడు. ఇవాళ డర్బన్ నుంచి శ్రీకాకుళం దాకా వచ్చి, ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఏ ఊరివో తేల్చుకోలేక వెనక్కి పోవాల్సి రావడం అందువల్లే.

ఇక్కడే ఉండిపోయిన కూలీల జాడ ఇంకా కష్టం. భూమి ఉన్నవాడు పట్టాలోకి ఎక్కాడు, లేనివాడి పేరు రెవెన్యూ పుస్తకానికి అక్కర్లేదు. కరువు తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి, ఎక్కువగా మాదిగలకు, ఒంగోలు బాప్టిస్టు మిషన్ బాప్తిస్మం ఇచ్చింది. అలాంటి కుటుంబాలవాళ్లు అడంగల్ కన్నా ముందు సంఘం పుస్తకాలు అడగడం మేలు. మన జనాభా లెక్కల్లో ఇంటింటి వివరాలు చూడనివ్వడానికి 1948 చట్టం ఒప్పుకోదు, కాబట్టి ఆ తలుపు తట్టి లాభం లేదు.

ఇంట్లో ఎనభై దాటినవాళ్లుంటే ఈ ఆదివారం పక్కన కూర్చుని అడగండి. ఇంటిపేరు, పిలుపు పేరు, ఎవరి పొలంలో పనిచేశారు, ఏ కరువుకు ఏ ఊరు వదిలారు, పక్కింటివాళ్లెవరు. నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. ఊరి పేరు మాత్రం తెలుగులోనే రాయండి.