గూడ్సుబండి పాట ఎవరిది?

అమెరికాలో చర్చి కాఫీహౌస్ అంటే ప్రార్థనా కాదు, మన కాఫీ హోటలూ కాదు. ఊళ్ళోని కొందరు జానపద సంగీతాభిమానులు శనివారం రాత్రిపూట చర్చి హాలునో, కింది సెల్లారునో తీసుకుని, జీతంభత్యం లేకుండా నడుపుకునే కచేరీలు. 1964లో న్యూయార్క్‌లో, కొలంబియా యూనివర్సిటీ ప్రార్థనామందిరం కింద మొదలైన పోస్ట్‌క్రిప్ట్ అలాంటిదే. మైకు లేకుండా పాడటం దాని సంప్రదాయం. పక్కనే బర్నార్డ్ కాలేజీలో చదువుకునే రోజుల్లో సుజాన్ వేగా అక్కడ పాడింది. మసాచుసెట్స్‌లోని మార్బుల్‌హెడ్‌లో ఒక యూనిటేరియన్ చర్చిలో 1970లో మొదలైనది మరొకటి. నేనుండే ఊళ్ళోనూ ఒకటుంది. సెప్టెంబరు నుంచి మే దాకా నెలకొకటి చొప్పున తొమ్మిది కచేరీలు జరిగితే అందులో ఏడు విన్నాను.

ముందు నాకు నచ్చిన సంగతి చెప్పాలి. అక్కడ మద్యం ఉండదు. నీతి కోసం ఈ మాట అనడం లేదు. బారులో పాడే స్త్రీ గ్లాసుల చప్పుడుతోనూ, తాగినవాళ్ళ చూపులతోనూ పోటీపడాలి. వినడానికి ఒంటరిగా వెళ్ళిన స్త్రీకీ తిప్పలు తప్పవు. ఈ హాల్లో డెబ్భయ్యేళ్ళ ఆవిడ ఒక్కతే వచ్చి కూచుంటుంది. నేనూ ఒక్కదాన్నే వెళ్ళాను. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. పాట మొదలయ్యాక కుర్చీ కిర్రుమన్నా తలలు తిరుగుతాయి. మన మాట పూర్తయ్యేదాకా ఎవరైనా వినడం ఎంత అరుదో రాసే ఆడవాళ్ళకి నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇక వంటగది. విరామంలో అమ్మే కేకులు ఇంటి దగ్గర చేసుకొచ్చేదీ, కాఫీ పోసేదీ దాదాపు అందరూ ఆడవాళ్ళే. సౌండ్ బోర్డు దగ్గర కూచునేది మగవాళ్ళు. (ఒక పెద్దాయన మాత్రం ప్రతిసారీ ఓపిగ్గా కప్పులు కడుగుతూ కనిపించారు. ఆ మాటా చెప్పకపోతే అన్యాయం.)

ఆ ఏడు కచేరీల్లో మూడుసార్లు ఎలిజబెత్ కాటెన్ 'ఫ్రెయిట్ ట్రెయిన్' పాడారు. గూడ్సుబండి పాట. హాలంతా గొంతు కలిపే పాట అది. మొదటి రెండుసార్లూ పాటకి ముందు అరనిమిషం కథ చెప్పారు. వాషింగ్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో పనిచేసే నల్లజాతి స్త్రీ, తప్పిపోయిన పిల్లని తల్లికి అప్పగించింది. ఆ తల్లి స్వరకర్త రూత్ క్రాఫర్డ్ సీగర్. ఆ ఇంట్లో ఈమె పనిమనిషిగా కుదిరింది. కొన్నేళ్ళకి గోడకున్న గిటారు తీసి వాయిస్తుంటే ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోయారు. అంతే, హాల్లో చిరునవ్వులు.

కథ నిజమే. దాన్ని ఎక్కడ మొదలుపెడుతున్నారన్నదే నా అభ్యంతరం. సీగర్ల ఇంట్లో మొదలుపెడితే అది యజమానుల మంచితనం కథ అవుతుంది. ఇంకా వెనక్కి వెళ్ళాలి. 1890లలో నార్త్ కరోలినాలో పుట్టిన ఆ పిల్లని ఇంట్లో ముద్దుపేర్లతోనే పిలిచేవారు. బడిలో మొదటిరోజు పేరడిగితే ఎలిజబెత్ అని తనే చెప్పుకుంది. లోకానికి తెలిసిన 'లిబ్బా' మాత్రం సీగర్ల చిన్నపిల్ల నోరు తిరక్క పెట్టినది. అన్న బాంజోని దొంగచాటుగా వాయించి నేర్చుకుంది. తెల్లవాళ్ళిళ్ళలో పనిచేసి కూడబెట్టిన 3 డాలర్ల 75 సెంట్లతో గిటారు కొనుక్కుంది. ఎడంచేతి వాటం కాబట్టి తీగలు మార్చకుండా దాన్నే తిరగేసి పట్టుకుంది. బొటనవేలు రాగం పలికిస్తుంటే మిగతా వేళ్ళు మంద్రతీగల మీద ఆడేవి. ఈ పాట కట్టేనాటికి ఆమెకి పదకొండో పన్నెండో ఏళ్ళు. తర్వాత చిన్న వయసులోనే పెళ్ళి, ఒక కూతురు, ఇళ్ళల్లో చాకిరీ. ఆపైన లోకం పాటలు మానమని చర్చిలో చెప్పారు. కొన్ని దశాబ్దాలపాటు గిటారు మూలపడింది.

ఆమె చేత గిటారు మాన్పించినవాటిలో చర్చి ఒకటి. ఇవాళ ఆ పాట మోగేది చర్చి హాల్లో. ఆ చర్చీ ఈ చర్చీ ఒకటి కావు, శాఖ వేరు, జాతి వేరు. జాతివివక్ష రాజ్యమేలే రోజుల్లో నల్లవాళ్ళకి అండగా నిలిచింది వాళ్ళ చర్చేనన్నదీ మర్చిపోకూడదు. అయినా ఈ గోడల మధ్య ఈ పాట పాడుతూ ఆ సంగతి ఎత్తకపోవడం నాకు మింగుడుపడలేదు.

పాట మీద హక్కు సంగతీ అంతే. పెగ్గీ సీగర్ ఇంగ్లండ్‌లో ఆ పాట పాడాక, వేరెవరో ఇద్దరు మగవాళ్ళ పేర్లతో అది నమోదైంది. 1957లో నాన్సీ విస్కీ గొంతుతో అక్కడ హిట్టయింది. తగాదా పడితే గానీ కాటెన్ పేరు దాని మీదకి రాలేదు. అట్ట మీద సేకర్త పేరుండి, పాడిన ముసలమ్మ పేరు ఎక్కడో లోపలుండే మన స్త్రీల పాటల పుస్తకాలు తిరగేసినవాళ్ళకి ఇదేం కొత్త కాదు.

ఫిబ్రవరిలో వచ్చిన గాయని ఈ కథ వేరేగా చెప్పింది. బడి, గిటారు కొన్న డబ్బులు, పెళ్ళి, చర్చి, అన్నీ చెప్పి, గిటారు ముట్టని ఆ ఏళ్ళ దగ్గర కాసేపు ఆగింది. టిల్లీ ఓల్సెన్ 1978లో 'సైలెన్సెస్' రాసింది ఇలాంటి ఏళ్ళ గురించే. గాయని ఆ పుస్తకం పేరెత్తలేదు గానీ నాకదే గుర్తొచ్చింది. తర్వాత పాట నెమ్మదిగా పాడింది. మొదటి చరణానికి ఒక్కరూ గొంతు కలపలేదు.

విరామంలో కాఫీ బల్ల దగ్గర ఒకావిడ, ఆ ఉపన్యాసంతో పాటలో ఆనందమంతా పోయిందంది. అసలా పాటలో ఆనందమెక్కడుంది? చిన్నపిల్ల తను చచ్చిపోయాక ఎక్కడ పాతిపెట్టాలో చెప్పే పాట అది, రైలు చప్పుడు వినబడేచోట. నేనా మాటంటే ఆవిడ ఒక్క క్షణం ఆగి, ముప్పయ్యేళ్ళుగా పాడుతున్నాను, మాటల కేసి ఎప్పుడూ చూళ్ళేదు అంది. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

కాటెన్ పాడిన మొదటి రికార్డుని 1958లో ఫోక్‌వేస్ వేసింది. మైక్ సీగర్ ఆమె ఇంటికే వెళ్ళి రికార్డు చేశాడు. 1960లలో వచ్చిన 'షేక్ షుగరీ' అందరూ వినాల్సిన పాట. ఇంట్లో ఉన్న వస్తువులన్నీ ఒక్కొక్కటే తాకట్టుకి పోయే పాట. చరణాలు ఇంట్లో పిల్లలు తలా ఒకటి కట్టారు. పాడింది పన్నెండేళ్ళ మునిమనవరాలు బ్రెండా ఎవాన్స్, గిటారు కాటెన్‌ది. నేను విన్న ఏడు కచేరీల్లో దాన్ని ఒక్కరూ పాడలేదు.